ఇంట్లో మెయిన్‌ఫ్రేమ్!

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులమీద జావా పక్కన మెయిన్‌ఫ్రేమ్స్‌ అన్న మాట చూసే ఉంటారు. ఆ కోర్సులో చేరినవాళ్ల బెంగ ఒకటే. జావా అయితే ఇంటికెళ్లి పీసీమీద సాధన చేసుకోవచ్చు. మెయిన్‌ఫ్రేమ్‌ని ఇంటికెలా తెచ్చుకోవడం?

తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారండోయ్‌! అమెరికాలో ఓ కుర్రాడు రట్గర్స్‌ విశ్వవిద్యాలయం వదిలించుకుంటున్న ఐబీఎం జెడ్‌890ని 237 డాలర్లకు కొన్నాడు. విడగొట్టి, ముక్కలుగా ఇంటి సెల్లార్‌లోకి దింపుకొని మళ్లీ బిగించాడు. 2016లో ఓ సదస్సులో ఆ కథంతా చెప్పాడు కూడా.

యంత్రం పాత ఇనుము ధరకు దొరకొచ్చు. దానిమీద నడిచే జెడ్‌/ఓఎస్‌ మాత్రం అలా దొరకదు. దాన్ని ఐబీఎం అమ్మదు, లైసెన్సు ఇస్తుంది. యంత్రం సామర్థ్యాన్ని బట్టి నెలనెలా రుసుము కట్టాలి. సరదాకి వాడుకునేవాళ్లకంటూ ప్రత్యేక లైసెన్సు లేదు.

మరి దారి? హెర్క్యులిస్‌. 1999లో రోజర్‌ బౌలర్‌ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ మీ పీసీనే మెయిన్‌ఫ్రేమ్‌లా నటింపజేస్తుంది. ఇందులో జెడ్‌/ఓఎస్‌ కూడా నడుస్తుంది కానీ లైసెన్సు ఒప్పుకోదు. చేతులు మారుతూ తిరిగే దొంగ కాపీల జోలికి మాత్రం పోకండి. రేపు బ్యాంకుల లెక్కలమీద పనిచెయ్యబోయే మనిషి ఇలా మొదలుపెట్టడమేమిటి?

దర్జాగా నడుపుకోదగ్గది ఎంవీఎస్‌ 3.8జె. జెడ్‌/ఓఎస్‌కి తాతలాంటిది. ఐబీఎం అప్పట్లో కాపీరైట్‌ లేకుండా ఇచ్చినది. ఔత్సాహికులు దీన్ని టీకే4-, టీకే5 అన్న పేర్లతో సిద్ధంచేసి ఉచితంగా పంచుతున్నారు. ఒక ప్రోగ్రాముకి 16 ఎంబీకి మించి మెమరీ ఇవ్వలేని కాలం నాటిది కాబట్టి పాత పీసీ అయినా చాలు. 3270 తెరకోసం ఎక్స్‌3270 ఉంది, అదీ ఉచితమే.

అయితే ఇందులో డీబీ2, సీఐసీఎస్‌ ఉండవు. కోబాల్‌ మరీ పాతది. ఎండ్‌-ఇఫ్‌ అని రాస్తే అదేమిటో దానికి తెలీదు! ఇప్పటి జెడ్‌/ఓఎస్‌ రుచి చూడాలంటే ఐబీఎం వారి జెడ్‌ ఎక్స్‌ప్లోర్‌లో పేరు నమోదు చేసుకోండి. డబ్బు కట్టక్కర్లేదు, వాళ్ల యంత్రంమీదే నెట్‌ ద్వారా సాధన చేయిస్తారు.

జేసీఎల్‌కి మాత్రం తాతగారే మేలంటాను. వాక్యాలు ఇప్పటికీ దాదాపు అవే. కామా ఒకటి తప్పితే జాబ్‌ ఆగిపోతుంది, అర్ధరాత్రయినా మీ ఇంట్లోనే దిద్దుకొని మళ్లీ సబ్‌మిట్‌ చేసుకోవచ్చు.