డాక్టర్ గారిని అడిగితే తప్పేమిటి?



వానాకాలం వచ్చిందంటే మా క్లాసుల్లో ఖాళీ బెంచీలు పెరుగుతాయి. ఫోన్ చేస్తే మీరు చెప్పే మాట దాదాపు ఒక్కటే: "జ్వరం మేడమ్, నిన్న సూది వేయించాం. సోమవారం టెస్టుకి పంపిస్తాం." ఈ నెల ఆ సూది గురించే నాలుగు మాటలు రాస్తున్నాను. సైన్స్ టీచర్‌గానే కాదు, ఇదే కిషన్‌బాగ్‌లో ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న తల్లిగా కూడా.

ఆ మధ్య మా చిన్నవాడికి జ్వరం వస్తే దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను. కాంపౌండర్ ట్రేలోంచి అప్పటికే మందు నింపి ఉన్న సిరంజి తీశాడు. అది ఎప్పుడు నింపారో, ఎవరి కోసం నింపారో తెలియదు. అడుగుదామని నోటిదాకా వచ్చింది. వెనక పది మంది ఎదురుచూస్తున్నారు, డాక్టర్ గారు ఏమనుకుంటారో అని ఊరుకున్నాను. బాబుకి ఏమీ కాలేదు. కానీ "ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి" అని రోజూ పిల్లలకు చెప్పే నేను ఆ పూట అడగలేకపోయాను.

ఇన్‌ఫెక్షన్ ఎంత నష్టం చేస్తుందో మన పక్కనే చూశాం. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతా వారిని నిమ్స్‌కీ, అపోలోకీ తరలించారు. ఆపరేషన్ చిన్నదే, ప్రాణాలు తీసింది ఇన్‌ఫెక్షన్. విచారణ తర్వాత ప్రభుత్వం 13 మందిపై చర్యలు తీసుకుంది. ఆ నలుగురి పిల్లలకు మాత్రం అమ్మ తిరిగి రాలేదు.

"అది సర్కారు దవాఖానా, మేం డబ్బు కట్టి చూపించుకుంటాం" అనుకోవద్దు. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో హెపటైటిస్-బి వ్యాపించి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. అక్కడ వేలెత్తి చూపింది ప్రైవేటు క్లినిక్‌ల వైపే, వాడిన సిరంజీలనే మళ్లీ వాడారని. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం వారం రోజులు బతికి ఉండగలదు.

ఆపరేషన్ థియేటర్‌లో పరికరాలను ఎలా శుభ్రం చేశారో ఇబ్రహీంపట్నం తల్లులు చూడగలిగేవారు కాదు. మన గల్లీ క్లినిక్‌లో అలా కాదు, ట్రే మన కళ్ల ముందే ఉంటుంది. అందుకే చూడాలి, అడగాలి అంటున్నాను.

ముందుగా అడగాల్సింది: ఈ సూది అవసరమా? మామూలు జలుబు, దగ్గు, జ్వరాలకు చాలాసార్లు మాత్రో సిరప్పో సరిపోతుంది. సూది వేస్తేనే వైద్యం అనే నమ్మకం మనదే. మనం పట్టుబడతాం కాబట్టి వాళ్లూ వేస్తారు. టీకాల సంగతి వేరు. 10 ఏళ్లకూ 16 ఏళ్లకూ వేయించాల్సిన టీడీ టీకా మాత్రం మానొద్దు.

సూది తప్పనిసరి అయితే మూడు విషయాలు చూడండి. వేసేవారు చేతులు శుభ్రం చేసుకున్నారా? కొత్త ప్యాకెట్ మీ ఎదుటే విప్పి, మందు మీ ఎదుటే నింపారా? వాడిన సూదిని బల్ల మీద వదిలేయకుండా, దాని కోసం ఉంచిన గట్టి తెల్ల డబ్బాలో వేశారా? బస్తీ దవాఖానా అయినా, వందలు పుచ్చుకునే క్లినిక్ అయినా ఇవే ప్రశ్నలు.

కోప్పడతారేమో అంటారా? మర్యాదగానే అడగొచ్చు. "డాక్టర్ సాబ్, ఏమనుకోకండి, ప్యాకెట్ మా ముందే విప్పించండి" అంటే చాలు. జాగ్రత్తగా పనిచేసే డాక్టర్‌కి ఇందులో తప్పు పట్టేదేమీ ఉండదు. అంతకీ కోప్పడితే, వచ్చేసారి ఆ మెట్లు ఎక్కాలా వద్దా అని ఆలోచించుకోవచ్చు.

మా వైపు నుంచీ ఒక మాట ఒప్పుకోవాలి. సోమవారం టెస్టుకల్లా పిల్లవాడు లేచి కూర్చోవాలనే తొందరలో బడికీ వాటా ఉంది. నూరు శాతం హాజరుకు ఇచ్చే సర్టిఫికెట్ మానేస్తే మంచిదని స్టాఫ్ మీటింగ్‌లో అన్నాను, ఇక్కడా అంటున్నాను. మందు వేయకుండానే జ్వరం 24 గంటలు రాకపోతే అప్పుడు బడికి పంపండి. నా సబ్జెక్టు టెస్టు పోతే, కోలుకున్నాక నేనే మళ్లీ రాయించుకుంటాను.

ఈసారి మీరు క్లినిక్‌లో అడిగేటప్పుడు మీ పిల్లలు పక్కనే కూర్చుని వింటూ ఉంటారు. పెద్దవాళ్లను గౌరవిస్తూనే ప్రశ్న ఎలా అడగాలో వాళ్లు అక్కడ నేర్చుకుంటారు. మా ఇంట్లో మళ్లీ జ్వరం వస్తే నేనూ అడుగుతాను.