దండం దశగుణమే, కానీ...

మొన్న మా వీధిలో ఒక తండ్రి మార్కుల కాగితం చేతబట్టుకుని కొడుకును గద్దిస్తూ, "దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అన్నారా!" అన్నాడు. తెలుగు పండితుణ్ణి కనుక మనసు ఊరుకోలేదు. ఆ మాట వచ్చే చాటుశ్లోకం మెచ్చుకున్నది చేతికర్రను. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు ఎదురైనప్పుడు. బురదలో, నీటిలో, చీకటిలో. చూపు లేనప్పుడు, ముసలితనంలో కర్ర ఉపకరిస్తుందని దాని భావం. లెక్కిస్తే సరిగ్గా పది. ఆ పదింటిలో కొడుకూ లేడు, శిష్యుడూ లేడు.

ఇంత చెప్పే నేను ఆ తప్పు చేయనివాణ్ణి కాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బెత్తం పట్టాను. అది మానిన తరువాత ఎర్రసిరా పట్టాను. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు ళకారానికి లకారం, ణకారానికి నకారం వ్రాసేవాడు. కనబడిన ప్రతి తప్పుకూ సున్న చుట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు దోషాలు తగ్గాయని సంతోషించాను. తీరా చూస్తే తగ్గినది వ్రాత! రెండు పుటల వ్యాసం ఐదు పంక్తులైంది. బాగా తెలిసిన మాటలు తప్ప మరొకటి వాడడం మానేశాడు. శిక్ష వాడికి తప్పించుకోవడం నేర్పింది, అంతే.

ఒకనాడు వాడు తమ ఊరి చెరువు మీద వ్రాసిన ఐదు పంక్తులలో ఒక వాక్యం చక్కగా కుదిరింది. దాని కింద గీత గీసి, "చెరువు కళ్ళకు కట్టింది. గట్టు మీద ఏమున్నదో కూడా వ్రాయి" అన్నాను. మరుసటి వారం గట్టు మీది తాటిచెట్లు, చాకిరేవు బండలు, అన్నీ కలిసి పుటన్నర వచ్చాయి. వాటితో పాటు అక్షరదోషాలూ వచ్చాయి. ఈసారి వారానికి ఒక్క దోషాన్నే ఎంచి దిద్దాను. వేసవి సెలవుల నాటికి ళకారం తన చోటికి తాను వచ్చి కూర్చుంది.

పొగిడితే పిల్లలు చెడిపోతారని కొందరంటారు. అందులో సగం నిజముంది. బొమ్మలు గీస్తే బహుమతి ఇస్తామని ముందే ఆశ చూపిన పసివాళ్ళకు, తరువాత బొమ్మల మీద ఆసక్తి తగ్గిందని 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ చేసిన ప్రయోగంలో తేలింది. తెలివిని పొగిడించుకున్న పిల్లలు ఓటమి ఎదురుకాగానే నీరుగారిపోయారనీ, శ్రమను మెచ్చుకున్నవారు పట్టు విడువలేదనీ 1998లో మ్యూలర్, డ్వెక్ చూపించారు. కనుక లంచమూ వద్దు, భట్రాజు పొగడ్తా వద్దు. చేసిన మంచి పని ఏదో దానిని పేరు పెట్టి చెప్పాలి. అదే మెచ్చుకోలు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దేహదండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తాన్ని చట్టం తీసివేయగలదు. ఖాళీ అయిన ఆ చేతిలో ఏమి పెట్టుకోవాలో మనమే నేర్చుకోవాలి.

ఇది పిల్లలతో ఆగే సంగతి కాదు. కూరలో ఉప్పు తక్కువైన ఒక్కనాడు నోరు విప్పే మనం, సరిగా పడిన మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ మౌనవ్రతం పాటిస్తాం. నిన్న రాత్రి నేను వ్రతభంగం చేసి, "పులుసులో చింతపండు సరిగ్గా సరిపోయింది" అన్నాను. మా ఆవిడ గరిటె ఆపి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

నలభై ఏళ్ళ బాకీ మరి. ఒక్క మాటతో తీరుతుందా?