పెరట్లో ఒక్క మామిడి చెట్టుకే చోటుంటే..

ఇంటి పెరట్లో బంగినపల్లి వెయ్యొద్దు. ఇదీ నా వాదన. ఈ మాట అన్నందుకు మా నాన్నగారు రెండ్రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడారు.

సంగతేంటంటే, రిటైరయ్యాక ఆయన రాజమండ్రిలో కట్టుకున్న ఇంటి వెనకాల ఓ పదిహేనడుగుల ఖాళీ ఉంది. అంటే ఒకే ఒక్క మామిడి చెట్టు. పండంటే బంగినపల్లే అని ఆయన. ఊరగాయకి పనికిరాని చెట్టు నాకెందుకని అమ్మ. హైదరాబాదులో కూర్చుని కీబోర్డు కొట్టుకునేవాడివి, మధ్యలో నీకెందుకీ గోల అంటారా? సెలవు పెట్టి వెళ్ళి తినేది నేనే కదండీ!

బంగినపల్లి గొప్ప పండే, కాదనను. 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ వేసవి వచ్చిందంటే ఏ వీధి చివర బండి మీద చూసినా అదే. దూరాభారం పంపినా తట్టుకుంటుంది కాబట్టే వ్యాపారులకి దాని మీద అంత ప్రేమ. బండి మీద దొరికేదానికి ఉన్న ఒక్క చోటూ ఇచ్చెయ్యడం ఎందుకు? పైగా ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు మొహం చాటేసే గుణం ఉంది దానికి. పది రకాలున్న తోటలో అయితే సర్దుకుపోవచ్చు. ఉన్నదే ఒక్క చెట్టయితే? మా భాషలో దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు :)

చిన్న చోటుకి ఆమ్రపాలి వెయ్యమని చాలామంది చెప్తారు. నిజమే, చెట్టు పొట్టిది, ఏటా కాస్తుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళు దసేరీకి నీలం పుప్పొడి కలిపి పుట్టించారు దీన్ని. అదే జంటని తిరగేసి, నీలంని తల్లిని చేస్తే వచ్చింది మల్లిక. ఈ ముక్క చదివినప్పుడు నాకు భలే సరదా వేసింది. కానీ ఆమ్రపాలి కోసుకు తినే పండు. పిసికి, ముచ్చిక తీసి, మోచేతుల దాకా కారుతుండగా జుర్రుకోవడం దానితో కుదరదు. నా ఓటు పోయింది అక్కడే.

ఇక లక్షల ఖరీదని పేపర్లలో వచ్చే మియాజాకి గురించి. అసలది వేరే రకం కాదు, ఫ్లోరిడాలో పుట్టిన ఇర్విన్. జపాన్‌లో గ్రీన్‌హౌస్‌లో పసిబిడ్డని సాకినట్టు సాకి, బరువూ తీపీ కొలిచి, నెగ్గిన వాటికే ఆ ఖరీదు. మొక్క కొన్నంత మాత్రాన అదంతా మన పెరట్లోకి రాదు.

నేను చెప్పింది కొత్తపల్లి కొబ్బరి. పేరులోనే మా గోదావరి వైపు ఊరుంది. పచ్చిగా ఉంటే అమ్మ ఊరగాయకి, పండితే నా రసానికి. హైదరాబాదులో మా వీధి బండి మీద నేనైతే ఎప్పుడూ చూడలేదు. పండూరి మామిడి కూడా ఇలాంటిదే. ఇవి ఇళ్ళల్లో వేసుకోకపోతే ఇంకెక్కడ మిగులుతాయి?

చెట్టు పెద్దదవుతుంది కదా అన్నారు నాన్నగారు. కాయ కోసిన వెంటనే, వానలు మొదలయ్యేసరికి, కొమ్మలు కత్తిరిస్తూ ఉంటే అదుపులోనే ఉంటుంది. ఆలస్యం చేస్తే మాత్రం ఆ ఏడు పూత మీద ఆశ వదులుకోవాలి.

అన్నట్టు, టెంక పాతితే అదే పండు వస్తుందన్న భరోసా లేదు, కాపుకీ ఏళ్ళు పూళ్ళు పడుతుంది. అంటు మొక్కే తెచ్చుకోండి. అంటు కట్టిన చోటుకి కింద వచ్చే చిగుళ్ళని ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి, లేదంటే చివరికి మిగిలేది ఎవరికీ అక్కర్లేని ఆ కింది మొక్కే. మొదటి రెండు మూడేళ్ళూ పూత వచ్చినా తుంచెయ్యాలి. ఈ మాట నాన్నగారికి ఇంకా చెప్పలేదు.

మొన్న ఆదివారం కడియం వెళ్ళి కొత్తపల్లి కొబ్బరి అంటు తెచ్చారు. చెట్టు ఎదిగాక ఓ కొమ్మకి బంగినపల్లి అంటు కట్టించాలన్నది రాజీ షరతు. ఆ కొమ్మ వీధి వైపుదా, వంటింటి వైపుదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.