హార్వెస్టర్ ఆగితే ఎవరిని పిలవాలి?

వరి కోతకొచ్చింది. మబ్బు పట్టింది. మడిలో దిగిన హార్వెస్టర్ బెల్టు తెగి ఆగిపోయింది. మెకానిక్ పట్నం నుంచి రావాలి. ఈలోగా వాన పడితే గింజ రంగు మారుతుంది, కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో తరుగు తీస్తారు. ఈ బాధ మనకు కొత్త కాదు.

యంత్రాలు కొనడానికి ప్రభుత్వాలు సబ్సిడీ ఇస్తున్నాయి. మహిళా సంఘాలకు డ్రోన్లను 80 శాతం వరకు రాయితీతో ఇస్తున్నారు. బాగుచేసే చేతులను తయారుచేయడం మాత్రం మరిచారు.

ఐటీఐ కోర్సుల్లో ఏడాది ట్రాక్టర్ మెకానిక్, రెండేళ్ల వ్యవసాయ యంత్రాల మెకానిక్ ఉన్నాయి. అవి మన ఊళ్లకు దగ్గరగా ఉంటేనే ఫలితం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. దక్షిణాదికంతటికీ అదొక్కటే. తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోలు, ఎలక్ట్రిక్ వాహనాల మరమ్మతు నేర్పుతామంటున్నారు. మంచిదే. ఆ షెడ్లలో ఒక ట్రాక్టరుకు, ఒక హార్వెస్టరుకు కూడా చోటివ్వాలి.

మేము అడుగుతున్నవి ఇవి: ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఒక ఐటీఐలోనైనా వ్యవసాయ యంత్రాల కోర్సు పెట్టాలి. బోర్డు మీద కాదు, ఇంజను విప్పి నేర్పాలి. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇవ్వాలి. సబ్సిడీపై అమ్మే కంపెనీలు రిపేరు పుస్తకాలు తెలుగులో ఇచ్చి, విడిభాగాలు మండల కేంద్రంలో ఉంచాలి.

కౌలు రైతు కొడుకు, కూలీ కూతురు ఈ పని నేర్చుకుంటే ఊళ్లోనే బతుకుతెరువు దొరుకుతుంది. మన పంటా నిలబడుతుంది. ఈ డిమాండ్లను గ్రామ కమిటీలు తీర్మానాలు చేసి కలెక్టర్లకు అందజేయాలని కోరుతున్నాం.