ఇనప కత్తా, స్టీలు కత్తా?

ఏప్రిల్, మే నెలల్లో హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు రోడ్డు మొదట్లో కాసేపు నిలబడండి. కాయల లోడు తెచ్చే డ్రైవరు దగ్గర్నుంచి తోట బేరానికి వెళ్ళే వ్యాపారి దాకా చాలామంది జేబులో ఓ మడత కత్తి ఉంటుంది. తాడు కోయాలి, అట్టపెట్టె చీల్చాలి, బేరం కుదిరేముందు రసం కాయ కోసి చూపించాలి. ఆ కత్తి ఏ లోహానిదైతే మంచిదన్నది ఈవారం సంగతి.

పాత ఇనప కత్తితో పచ్చి మామిడికాయ కోస్తే ముక్క నల్లబడుతుంది. కాయ పాడైందని పారేసేవాళ్ళున్నారు. పాపం, కాయ తప్పేం లేదు. కాయలోని పులుపు కత్తి ఇనుమును కొంచెం కరిగిస్తుంది, ఆ ఇనుము కాయలోని వగరుతో కలిసి నల్లరంగు అవుతుంది. జంక్షన్ నుంచి గుడివాడ మీదుగా పెడన వెళ్తే అక్కడ కలంకారీవాళ్ళు ఇదే పనిని కావాలని చేస్తారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరబెట్టి, ఆ నీటిని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దితే నలుపు తేలుతుంది. గుడ్డ మీదైతే కళ, ఊరగాయ ముక్క మీదైతే మరక!

స్టీలు కత్తికి ఈ బాధ లేదు. అందులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటుంది, అదే తుప్పును ఆపుతుంది. మరి ఇనప కత్తి ఎందుకింకా బతికుంది? పదును కోసం. కార్బన్ ఎక్కువున్న ఉక్కు మామూలు సానరాయి మీద నాలుగుసార్లు రుద్దితే చాలు, మళ్ళీ తయారు. అంటు కట్టేవాళ్ళని అడగండి. కొమ్మ ఒక్క గీతలో తెగాలి, నలిగితే అంటు బతకదు. అలాంటి ఉక్కు మనకి కొత్తేం కాదులెండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు.

ఫ్రాన్సులో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ మడత కత్తి ఇప్పటికీ రెండు రకాల్లోనూ దొరుకుతుంది. అంటే ఈ పేచీ అక్కడా తెగలేదన్నమాట.

మన కమ్మరి లారీ కమాను పట్టీతో చేసే కత్తి మొండిది, దెబ్బకి విరగదు. టెంక ఉన్న కాయ కొట్టడానికి అదే సరైనది. కానీ జేబుకి బరువు. ఆన్‌లైన్లో ఈమధ్య డీ2 అనే ఉక్కు కత్తులు తెగ అమ్ముతున్నారు. పదును చాలాకాలం నిలుస్తుంది, నిజమే. పోయాక ఇంట్లో సానరాయితో తెప్పించడం మాత్రం చాలా కష్టం. పైగా పూర్తి స్టీలు కూడా కాదు, తడిగా వదిలేస్తే మచ్చలు పడతాయి. సిరామిక్ కత్తి అసలు తుప్పే పట్టదు, కానీ టెంకకి తగిలిందా, అంచు పెచ్చులూడుతుంది. మామిడి దేశంలో దానితో పనేంటి?

నన్నడిగితే కాయలు కోసేవాళ్ళకి మామూలు స్టీలు కత్తే మేలు. విక్టోరినాక్స్ లాంటి పేరున్న కంపెనీ కూడా మరీ గట్టి ఉక్కు వాడదు, తేలిగ్గా సాన పట్టేలా ఉంచుతుంది. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెడతాం, అది జారితే తెగేది బొటనవేలే. అంటు కట్టేవాళ్ళు, తాళ్ళు కోసేవాళ్ళు కార్బన్ ఉక్కు తీసుకోండి. సొన తుడిచి, ఓ చుక్క కొబ్బరినూనె రాసి మడవండి.

ఏ కత్తయినా కరెంటు సానచక్రానికి ఇస్తే మాత్రం పక్కనే నిలబడండి. అంచు నీలంగా మారిందంటే వేడికి గట్టిదనం పోయినట్టే. ఆ నీలం ఉన్నంత మేరా అరగదీసేదాకా పదును నిలవదు.