వీణ వినబడాలంటే

మొన్నటి వార్షికోత్సవంలో ఒక చెల్లెలు వీణ వాయించింది. ముందు వరుసలోని లెక్చరర్లకు తప్ప ఎవరికీ వినబడలేదు. మైకు దగ్గరికి జరిపితే కీచుమంది. "పాత వాయిద్యం, ఏం చేస్తాం!" అని మనవాళ్ళు నవ్వేశారు. తప్పు వీణదా?

పికప్ పెడదామంటే రెండు దారులున్నాయి. అయస్కాంతపు పికప్ ఉక్కు తీగల్నే పట్టుకుంటుంది. మంద్రానికి వేసే ఇత్తడి తీగలు దానికి అందవు. రెండోది పిజో. ఒత్తిడి పడితే స్ఫటికంలో విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన సూత్రమే దానికి ఆధారం. బ్రిడ్జి పక్కన అతికిస్తే పనస చెక్క కంపనాన్నే వింటుంది. అయితే నేరుగా ఆంప్లిఫయరుకు తగిలిస్తే మంద్రం పోయి రేకు డబ్బా చప్పుడౌతుంది. మధ్యలో తగిన ప్రీయాంప్లిఫయరు ఉండాలి.

కరెంటు తగిలితే సంప్రదాయం చెడుతుందా? పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కర్ణాటక సంగీతం పలికించారు కదా!

మిత్రులారా, జహీరాబాద్ లాంటి ఊళ్ళో వీణ పట్టే విద్యార్థులెందరు? ఆ ఒక్కరూ సిగ్గుపడి మానేస్తే నష్టం మనదే. రంగు లైట్ల ఖర్చు కొంత తగ్గించి యూనియన్ ఈ రెండూ కొనాలి. కొనేముందు వాయించేవారి చేతనే మంద్రం తీగ మీటించి, మనం చివరి బెంచీలో కూర్చుని విందాం. అక్కడ వినబడితేనే డబ్బు చెల్లిద్దాం.