ఊరంటే తెల్లోళ్ళ ఊరేనా?

2016లో ట్రంప్ గెలవగానే అమెరికా పేపర్లు, టీవీలు ఒకటే పాట ఎత్తుకున్నాయి: పల్లెలు తిరగబడ్డాయి, పట్నాలు ఓడిపోయాయి అని. 2024లో మళ్ళీ గెలిస్తే మళ్ళీ అదే పాట. మనం అడగాల్సింది ఒక్కటే. ఏ పల్లె? ఎవరి పల్లె?

ఈ మోసం మనకు కొత్తదా? ‘ఊరంతా ఒక్కమాట మీద ఉంది’ అంటారు. ఆ మాటలో వాడ ఉండదు. అమెరికా మేధావుల ‘పల్లె’ కూడా ఆ బాపతుదే.

తిరిగిన పల్లెలు లేవని కాదు. అయోవా రాష్ట్రంలో హోవర్డ్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, చిన్నది. రైతుల ప్రాంతం, జనం దాదాపు అంతా తెల్లోళ్ళే. 2012లో ఒబామాను సుమారు 20 శాతం తేడాతో గెలిపించింది. 2016లో సుమారు అంతే తేడాతో ట్రంప్‌ను గెలిపించింది. సరే, ఇది మారింది.

మిసిసిపిలో జెఫర్సన్ కౌంటీ కూడా పల్లే కదా! అక్కడ అత్యధికులు నల్లవాళ్ళు. 2016లోనూ, 2020లోనూ నూటికి 80కి పైగా ఓట్లు ట్రంప్ మీద పోటీ చేసినవాళ్ళకే పడ్డాయి. తరతరాలు పత్తిచేలల్లో చాకిరీ చేసినోళ్ళు పల్లెవాళ్ళు కాకుండా ఎట్లా పోయారు?

పట్నం లెక్క ఇంకో రకం. అక్కడ ఓటు మారడం కంటే ఓటు పడకపోవడమే కొంప ముంచింది. విస్కాన్సిన్‌లో 2016లో ట్రంప్ మెజారిటీ 23 వేలు కూడా లేదు. ఆ రాష్ట్రంలోనే నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే మిల్వాకీ నగరంలో 2012 కంటే సుమారు 41 వేల ఓట్లు తక్కువ పడ్డాయి. గుర్తింపు కార్డు చూపితేనే ఓటు అనే చట్టం అధ్యక్ష ఎన్నికలో అక్కడ మొదటిసారి అమలైంది కూడా అప్పుడే. దేశం మొత్తం మీద క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా కుర్చీ దక్కలేదు. చాలా రాష్ట్రాల్లో గెలిచినోడికే ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా పోతారు మరి. అయినా తప్పంతా పల్లెటూరి తెల్ల కూలివాడి కోపం మీదికి తోశారు. మిల్వాకీ గడపలు తొక్కి ‘ఎందుకు రాలేదు?’ అని అడిగినవాళ్ళు ఎందరు?

డెమోక్రాట్లను కూడా వెనకేసుకు రాలేం. నల్లవాళ్ళ, లాటినోల ఓట్లు జేబులో ఉన్నాయనుకున్నారు. టెక్సాస్ సరిహద్దున స్టార్ కౌంటీ చూడండి. అది పల్లె ప్రాంతమే, జనం దాదాపు అంతా లాటినోలే. 2016లో క్లింటన్‌కు 79 శాతం, 2020లో బైడెన్‌కు 52 శాతం. 2024లో ట్రంపే గెలిచాడు. వందేళ్ళకు పైగా రిపబ్లికన్లు గెలవని చోటు! న్యూయార్క్‌లో పేదల బ్రాంక్స్‌లో 2016లో 10 శాతం కూడా రాని ట్రంప్‌కు 2024లో 27 శాతం వచ్చాయి. ఇందులో పల్లె ఏది, పట్నం ఏది? జేబులో పెట్టుకున్న ఓటు జారిపోయింది, అంతే.

ఇక అలబామాలో లౌండ్స్ కౌంటీ. నూటికి 80 మంది నల్లవాళ్ళున్న ఆ కౌంటీలో 1965 మొదట్లో ఓటర్ల జాబితాలో ఒక్క నల్లవాడి పేరూ లేదు. 1966లో సొంత పార్టీ పెట్టుకుని నల్లచిరుతను గుర్తుగా పెట్టుకున్నారు. ఆ చిరుతనే ఓక్లాండ్ బ్లాక్ పాంథర్లు తీసుకున్నారు, వాళ్ళ పేరు మీదనే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. మనకు అంత దగ్గర ఊరది.

అక్కడి నల్లరేగడి నీళ్ళు పీల్చదు. మురుగుకాలువ సౌకర్యం లేక ఇళ్ళ మలం పెరళ్ళలోకే వచ్చి నిలుస్తుంది. 2023లో కేంద్ర న్యాయశాఖ దర్యాప్తు చేసి, బాగు చేయిస్తామని రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం రాయించింది. పల్లె జనం మనిషినని గెలిచిన ట్రంప్ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో దాన్ని రద్దు చేసింది. వైవిధ్యం, సమానత్వం పేరిట జరిగిన చట్టవిరుద్ధమైన పని అది అని కారణం చెప్పింది.